క్యూటిన్, సుబెరిన్ విశ్లేషణకు ఏది మేలు: హైడ్రైడా, మెథాక్సైడా, ఎన్ఎంఆరా?

టమాటా తొక్క మీది క్యూటిన్, బంగాళాదుంప తొక్కలోని సుబెరిన్ రెండూ పాలిఎస్టర్లే, అంటే ఎస్టర్ బంధాలతో అల్లుకున్న పెద్ద అణువులు. ఏ ద్రావణిలోనూ కరగవు. మిశ్రమాన్ని విడగొట్టి ఒక్కో అణువునూ గుర్తుపట్టే జీసీ-ఎంఎస్ యంత్రంలోకి ఎక్కించాలంటే ఎస్టర్ బంధాలు తెంచక తప్పదు. దేనితో తెంచాలన్న దగ్గరే పేచీ.

ఏ దారి పట్టినా ముందు క్లోరోఫాం, మెథనాల్‌తో మైనం, కొవ్వులు మళ్లీ మళ్లీ కడిగేయాలి. ఇక్కడ తొందరపడితే కణత్వచాల్లోని మామూలు పామిటిక్ ఆమ్లం కూడా క్యూటిన్ లెక్కలో పడిపోతుంది.

లిథియం అల్యూమినియం హైడ్రైడ్ పాత కాపు. 1972లో వాల్టన్, కొలత్తుకుడి దాన్ని క్యూటిన్ మీద ప్రయోగించారు. తెంచడంలో తిరుగులేదు. కానీ ఆమ్లాలన్నిటినీ ఆల్కహాల్ చేసి పెడుతుంది. 16 కార్బన్ల డైయాసిడ్ (రెండు కొసల్లోనూ ఆమ్లమే) అయినా, అదే పొడవున్న ఒమేగా-హైడ్రాక్సీ ఆమ్లమైనా (ఒక కొసన ఆమ్లం, రెండో కొసన ఆల్కహాల్) చివరికి ఒకే డయోల్, అంటే రెండు కొసల్లోనూ ఆల్కహాలే. సుబెరిన్‌ను గుర్తుపట్టేదే ఆ డైయాసిడ్లతో, అవి కనబడకుండా పోతే ఇంకేం విశ్లేషణ? హైడ్రోజన్‌కు బదులు దాని బరువైన రూపం డ్యుటీరియం ఉన్న హైడ్రైడ్ వాడితే గట్టెక్కుతాం: డైయాసిడ్ నుంచి వచ్చిన డయోల్‌లో నాలుగు డ్యుటీరియాలు, హైడ్రాక్సీ ఆమ్లం నుంచి వచ్చినదాంట్లో రెండే ఉంటాయి. ఖర్చు మాత్రం ఎక్కువ. పైగా మిగిలిన హైడ్రైడ్‌ను నీళ్లతో చంపేటప్పుడు చుక్కచుక్కగా పోయకపోతే ఫ్లాస్కు పొంగి మీదికొస్తుంది.

సోడియం మెథాక్సైడ్ అయితే ఆమ్లాలు మిథైల్ ఎస్టర్లుగా, ఫెరూలిక్ ఆమ్లంతో సహా, దేనికది విడిగా దక్కుతాయి. ఎపాక్సైడ్లు (ఆక్సిజన్‌తో కూడిన మూడు పరమాణువుల వలయాలు) కూడా చాలావరకు నిలుస్తాయి. ఆమ్ల మెథనాల్‌లో అవి తెరుచుకుని మెథనాల్‌ను తగిలించుకుంటాయి. మెథాక్సైడ్‌కు శత్రువు తేమ. నీరు చేరితే ఎస్టర్‌కు బదులు సబ్బు తయారవుతుంది. అందుకే ఆ నీటి దెబ్బను తనమీద వేసుకునే మిథైల్ అసిటేట్ కలుపుతారు. ఇంకో చిక్కు, గ్లిజరాల్. ద్రావణితో వేరుచేసేటప్పుడు అది నీళ్లలోకి జారుకుంటుంది. సుబెరిన్‌లో దాని పాత్ర చాలాకాలం బయటపడకపోవడానికి అదే కారణం. 1997లో గ్రాసా, పెరీరా కార్క్ మీద చేసిన పనితోగానీ దానికి దక్కాల్సిన చోటు దక్కలేదు.

సాలిడ్ స్టేట్ ఎన్ఎంఆర్ ఘన పదార్థాన్ని అలాగే అయస్కాంత క్షేత్రంలో పెట్టి చూస్తుంది, దానికి దేన్నీ తెంచక్కర్లేదు. కలబందలా కనిపించే అగేవ్ లాంటి మొక్కల్లో ఎస్టర్లు తెగాక కూడా మిగిలే క్యూటాన్‌ను చూడాలంటే అదే దిక్కు. ఏ ఆమ్లం ఎంతుందో మాత్రం చెప్పదు.

నన్నడిగితే దుంప తొక్కకు మెథాక్సైడే. టమాటాకు హైడ్రైడ్, మెథాక్సైడ్‌లలో ఏదైనా నడుస్తుంది, జీసీ-ఎంఎస్ గీతలో 10,16-డైహైడ్రాక్సీ పామిటిక్ ఆమ్లం శిఖరం ఎలాగూ అందరికన్నా ఎత్తుగా లేస్తుంది. తెలియని మొక్కయితే మెథాక్సైడ్‌తో మొదలుపెట్టి, అనుమానమున్న శిఖరాలకు మాత్రమే డ్యుటీరియం హైడ్రైడ్ ఖర్చు పెట్టండి. అంతర్గత ప్రమాణంగా, అంటే పోల్చి చూసుకోవడానికి తెలిసిన మోతాదులో, ఒమేగా-పెంటాడెకాలాక్టోన్ వేయండి. అదీ ఎస్టరే కాబట్టి, అది సరిగా తెరుచుకోకపోతే మీ చర్య మధ్యలోనే ఆగిందని అక్కడే తెలిసిపోతుంది.