పసుపు మీటర్‌తో సబ్‌వూఫర్ ఓమ్స్ చూడటం: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

నెల్లూరు మినీ బైపాస్ మీద ఒక కార్ డెకార్స్ షాపులో ఆడియో ఫిట్టింగ్ నా పని. చేతిలో ఎప్పుడూ ఉండేది డీటీ 830డీ రకం పసుపు రంగు డిజిటల్ మీటర్. ఎలక్ట్రానిక్స్ సామాను అమ్మే ఏ షాపులో అడిగినా రెండు మూడు వందల్లో ఇస్తారు. ఇదే నంబరుతో చాలామంది తయారు చేస్తారు కాబట్టి కంపెనీ పేరు చెప్పి ప్రయోజనం లేదు. నేను దీన్ని ఎక్కువగా వాడేది ఒకే పనికి: సబ్‌వూఫర్‌ని (బాస్ శబ్దానికి వాడే పెద్ద స్పీకర్) యాంప్లిఫయర్‌కి కలిపే ముందు దాని ఓమ్స్, అంటే కరెంట్‌కి అది ఎంత అడ్డు తగులుతుందో చూడటానికి. ఇంత చవక మీటర్ ఆ పనికి సరిపోతుందా అని కొత్తగా పని నేర్చుకునే పిల్లలు అడుగుతుంటారు. సరిపోతుంది. అయితే అది చూపించే అంకెను ఎలా చదవాలో తెలిసి ఉండాలి. అందుకని మీటర్ గురించి కంటే ఆ అంకె గురించే ఇక్కడ ఎక్కువ రాస్తున్నాను.

సబ్‌వూఫర్ స్టిక్కర్ మీద 4 ఓమ్స్ అని ఉంటుంది. మీటర్‌ని ఓమ్స్ వైపు 200 రేంజ్‌లో పెట్టి పిన్నులు రెండు టెర్మినల్స్‌కి ఆనిస్తే 3.4, 3.5, 3.6 ఇలా వస్తుంది. పక్కనుంచి చూసే కస్టమర్‌కి వెంటనే అనుమానం వస్తుంది. "ఏందన్నా, 4 అని చెప్పి 3.5 ఇచ్చారు, ఇది డూప్లికేటా?" అని అడుగుతారు. డూప్లికేట్ కాదు. మీటర్ తన బ్యాటరీ నుంచి కొద్దిపాటి డీసీ కరెంట్‌ని కాయిల్‌లోకి (వూఫర్ లోపలి రాగి తీగచుట్ట) పంపి, ఆ తీగకున్న రెసిస్టెన్స్ ఒక్కటే కొలుస్తుంది. పాట వచ్చేటప్పుడు కాయిల్‌లోకి వెళ్లేది ఏసీ. అప్పుడు కాయిల్ ఇండక్టెన్స్ (మారే కరెంట్‌ని అడ్డుకునే గుణం) అడ్డు తగులుతుంది. కోన్ (వూఫర్ ముందు కనిపించే గిన్నెలాంటి భాగం) ముందుకీ వెనక్కీ కదలడం వల్ల అదే కాయిల్‌లో ఎదురు వోల్టేజీ పుట్టి అది కూడా అడ్డు తగులుతుంది. తీగ రెసిస్టెన్స్‌తో కలిపి ఈ మొత్తం అడ్డునే ఇంపిడెన్స్ అంటారు. ఇది ఒక్కో ఫ్రీక్వెన్సీ దగ్గర ఒక్కో రకంగా ఉంటుంది. స్టిక్కర్ మీది 4 మాత్రం యాంప్‌తో జత కుదర్చడానికి పెట్టుకున్న గుర్తు లాంటి అంకె. అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ ఐఈసీ వారి 60268-5 ప్రమాణం ప్రకారం స్పీకర్ పనిచేయాల్సిన పరిధిలో ఎక్కడా ఇంపిడెన్స్ ఆ అంకెలో 80 శాతం కంటే తగ్గకూడదు. 4లో 80 శాతం అంటే 3.2. కాబట్టి మీటర్ మీద 3.5 కనిపిస్తే అది మంచి 4 ఓమ్స్ కాయిలే. 2 ఓమ్స్ కాయిల్ మామూలుగా 1.6 నుంచి 1.9 మధ్య చూపిస్తుంది. 8 ఓమ్స్‌ది ఐదున్నర నుంచి ఏడు దాకా ఉండొచ్చు. ఈ మాట అర్థమయ్యేలా చెబితే కస్టమర్ నిశ్చింతగా వెళతాడు.

ఇక మీటర్‌లో అసలు తిరకాసు దాని వైర్లలో ఉంది. వీటితో పాటు వచ్చే ఎరుపు, నలుపు వైర్లు చాలా సన్నవి. రెండు పిన్నులను ఒకదానికొకటి గట్టిగా ఆనించి చూడండి, సున్నా రాదు. నా మీటర్ 0.4 చూపిస్తుంది, వైర్లు పాతబడ్డాక 0.6 కూడా చూపించింది. సబ్‌వూఫర్ కొలిచినప్పుడు వచ్చిన అంకెలోంచి దీన్ని తీసేయాలి. 3.9 వస్తే అసలు విలువ 3.5 అన్నమాట. 4 ఓమ్స్ దగ్గర ఈ తేడా పెద్దగా బాధించదు. కానీ రెండు 2 ఓమ్స్ కాయిల్స్ ప్యారలల్‌లో (ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ కలిపి) ఉన్న వూఫర్‌కి అసలు విలువ 0.9 అయితే మీటర్ 1.3 అంటుంది. దాన్ని అలాగే నమ్మి, 1 ఓమ్ కంటే ఎక్కువే ఉంది కదా అని 1 ఓమ్ వరకే తట్టుకునే యాంప్‌కి కలిపితే ప్రమాదం. పైగా ఈ రేంజ్‌లో మీటర్ 0.1 మెట్టు కంటే సూక్ష్మంగా చూపించలేదు, చివరి అంకె ఒకటి రెండు అటూ ఇటూ కావడం కూడా సహజం. అందుకే 1 ఓమ్ చుట్టుపక్కల ఈ మీటర్ మాటను నేను తుది తీర్పుగా తీసుకోను. ఒక్కో కాయిల్‌ని విడివిడిగా కొలిచి, లెక్క కట్టుకుంటాను.

మా ప్రాంతానికి సంబంధించిన రెండు విషయాలు కూడా ఇక్కడే చెప్పాలి. ఇందుకూరుపేట, ముత్తుకూరు, విడవలూరు వైపు నుంచి వచ్చే కార్లలో చాలావాటికి ఉప్పుగాలి తగిలి టెర్మినల్స్ మీద పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. దాని మీద పిన్ను ఆనిస్తే అంకె నిలకడగా ఉండదు, 5 అంటుంది, 7 అంటుంది. సన్న సాండ్‌పేపర్‌తో రుద్ది, పిన్ను నొక్కి పట్టుకుంటే గానీ అసలు విలువ రాదు. రొయ్యల చెరువుల దగ్గర రోజంతా నిలబడే బండ్లకు ఇది మరీ ఎక్కువ.

రెండోది ఎండ. రాగి తీగ రెసిస్టెన్స్ ఒక్కో డిగ్రీ వేడికి దాదాపు 0.39 శాతం పెరుగుతుంది. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం బయట నిలబెట్టిన కారు డిక్కీ 60 డిగ్రీలకు చేరితే, పొద్దున 3.5 చూపించిన కాయిల్ 3.9 చూపిస్తుంది. గంటసేపు గట్టిగా పాటలు పెట్టాక కాయిల్ ఇంకా వేడెక్కుతుంది, అప్పుడు కొలిస్తే అంకె ఇంకా పైకి పోతుంది. అందుకే నీడలో పెట్టి చల్లారాక కొలుస్తాను. ఆ వేడి వల్లే ఎక్కువసేపు వాయించాక బాస్ కాస్త తగ్గినట్టు అనిపిస్తుంది: రెసిస్టెన్స్ పెరిగితే అదే వోల్టేజీకి కాయిల్ తీసుకునే పవర్ తగ్గుతుంది.

మీటర్ తన ఖరీదుకి ఎన్నో రెట్లు తిరిగిచ్చేది డబుల్ కాయిల్ వూఫర్ల దగ్గర. రెండు 4 ఓమ్స్ కాయిల్స్ ఉన్న వూఫర్‌ని ప్యారలల్ చేస్తే 2, సిరీస్ (ఒకదాని వెనక ఒకటి) చేస్తే 8. అలాంటివి రెండు వూఫర్లు తెచ్చి నాలుగు కాయిల్స్‌నీ ప్యారలల్ చేస్తే 1 ఓమ్ అవుతుంది. ఒక్కో వూఫర్‌లోని కాయిల్స్‌ని సిరీస్ చేసి, ఆ రెండింటినీ ప్యారలల్ చేస్తే మళ్లీ 4. యాంప్ మీద కనీసం 2 ఓమ్స్ అని రాసి ఉంటే 1 ఓమ్ లోడ్ కలపకూడదు. నాలుగు ఛానళ్ల యాంప్‌ని బ్రిడ్జ్ చేసి (రెండు ఛానళ్లను ఒకటిగా కలిపి) వాడేటప్పుడు చాలావాటికి 4 ఓమ్స్ కంటే తక్కువ పనికిరాదు. కావలి నుంచి ఒక కుర్రాడు కారు తెచ్చాడు. సౌండ్ పెంచగానే యాంప్ ప్రొటెక్షన్ లైట్ వెలిగి ఆగిపోతోంది. యాంప్ పాడైందని ఎవరో చెప్పారట, కొత్తది కొనడానికి డబ్బు కూడా తెచ్చుకున్నాడు. బాక్స్ వైర్లు యాంప్ నుంచి ఊడదీసి కొలిస్తే వైర్ల రెసిస్టెన్స్ పోగా 0.9 వచ్చింది, యాంప్ మీద 2 ఓమ్స్ అని రాసి ఉంది. సిరీస్ ప్యారలల్‌గా మార్చి మళ్లీ కొలిస్తే 3.5. అదే యాంప్ ఆ తర్వాత ఆగకుండా పాడింది. పవర్ తగ్గుతుందని ముందే చెప్పాను, దానికి అతను సరేనన్నాడు.

సెకండ్ హ్యాండ్ వూఫర్ కొనేవాళ్లకు దీన్ని తప్పక వెంట తీసుకెళ్లమంటాను. ఎడమ చివర 1 మాత్రమే కనిపించి కదలకపోతే కాయిల్ తెగిపోయింది. 4 ఓమ్స్ కాయిల్ 2.2 చూపిస్తే లోపల చుట్లు కాలి ఒకదానికొకటి అంటుకున్నాయి, తీసుకోవద్దు. డబుల్ కాయిల్‌లో రెండూ దాదాపు ఒకేలా ఉండాలి. ప్యారలల్‌లో కలిపి ఉంటే ఒకటి తెగినా రెండోదానితో వూఫర్ మోగుతూనే ఉంటుంది, కాబట్టి చెవితో విని కొంటే మోసపోతారు. ఇంకొకటి, కొలుస్తున్నప్పుడు కోన్‌ని చేత్తో మెల్లగా లోపలికి నొక్కి వదలాలి. కదిలినప్పుడు అంకె ఎగిరిపడటం మామూలే, ఎందుకంటే కదిలే కాయిల్ తానే కొంచెం వోల్టేజీ పుట్టిస్తుంది. ఆగగానే పాత అంకెకు రావాలి. ఒక చోట నొక్కి పట్టుకున్నప్పుడల్లా 1కి వెళ్లిపోతుంటే టెర్మినల్ నుంచి కాయిల్‌కి పోయే మెత్తటి అల్లిక తీగ తెగే దశలో ఉందని అర్థం. నొక్కినప్పుడు గరగరమని గీసుకునే శబ్దం వస్తే మాత్రం మీటర్ ఏం చూపించినా వదిలేయండి. కాయిల్ వంకరపోతే ఓమ్స్ మారకపోవచ్చు.

అసలు ఇంపిడెన్స్ తెలుసుకోవాలని పట్టుదల ఉన్నవాళ్లకు ఈ మీటర్‌తోనే ఒక దారి ఉంది. 10 ఓమ్స్, 10 వాట్స్ తెల్ల సిమెంట్ రెసిస్టర్‌ని వూఫర్‌తో సిరీస్‌లో కలిపి, ఫోన్‌లోంచి 50 హెర్ట్జ్ టోన్ తక్కువ వాల్యూమ్‌లో యాంప్ ద్వారా పంపాలి. రెసిస్టర్ మీద ఏసీ వోల్టేజీ, వూఫర్ మీద ఏసీ వోల్టేజీ కొలవాలి. రెసిస్టర్ మీద 4 వోల్టులు, వూఫర్ మీద 3 వోల్టులు వస్తే 10ని 3తో గుణించి 4తో భాగించాలి: 7.5 ఓమ్స్. డీసీలో 3.5 చూపించిన వూఫర్ బాక్స్‌లో ఉండగా 50 హెర్ట్జ్ దగ్గర ఇంత రావడం వింతేమీ కాదు, రెసొనెన్స్ (కోన్ సహజంగా ఎక్కువ ఊగే ఫ్రీక్వెన్సీ) దగ్గరైతే ఇంకా పైకి పోతుంది. 50 హెర్ట్జే ఎందుకంటే ఈ మీటర్ ఏసీ కొలత ఇంటి కరెంట్‌ని దృష్టిలో పెట్టుకుని చేసింది. అంతకంటే బాగా కింద, బాగా పైన దాన్ని నేను నమ్మను. ఏసీలో ఉన్న కనీస రేంజే 200 వోల్టులు కాబట్టి మరీ చిన్న వోల్టేజీలు సరిగ్గా పట్టుకోలేదు కూడా.

యాంప్ గెయిన్ (సిగ్నల్‌ని ఎంత పెంచాలో నిర్ణయించే నాబ్) పెట్టడానికి మాత్రం ఏసీ రేంజ్ బాగానే పనికొస్తుంది. వాట్స్‌ని ఓమ్స్‌తో గుణించి వర్గమూలం తీస్తే కావాల్సిన వోల్టేజీ వస్తుంది. 2 ఓమ్స్ దగ్గర 500 వాట్స్ కావాలంటే దాదాపు 31.6 వోల్టులు. వూఫర్ ఊడదీసి, 50 హెర్ట్జ్ టోన్ పెట్టి, ఆ అంకె వచ్చేదాకా గెయిన్ తిప్పి ఆపుతాను. చెవి అంచనాతో గెయిన్ చివరిదాకా తిప్పి కాయిల్స్ కాల్చుకున్న కార్లను ఎన్నో చూశాను. ఈ చిన్న లెక్క తెలిసి ఉంటే అవి బతికేవి.

మీటర్‌తో నాకున్న ఫిర్యాదులు కూడా చెప్పాలి. వైర్లు పిన్ను మొదట్లోనే తెగుతాయి, పైకి ఏమీ తెలియదు, అంకె గెంతుతుంటుంది. నేను లావుపాటి సిలికాన్ వైర్లు, మొసలి క్లిప్పులు విడిగా కొని వేసుకున్నాను. దాంతో రెండు చేతులూ ఖాళీ అయ్యాయి, అంకె కూడా నిలకడగా ఉంటోంది. మీటర్ తనంతట తాను ఆఫ్ అవ్వదు, డయల్ తిప్పడం మరిచిపోతే 9 వోల్టుల బ్యాటరీ ఊరికే ఖర్చవుతూ ఉంటుంది. బ్యాటరీ తగ్గితే కొలతలన్నీ తప్పుతాయి, తెరమీద బ్యాటరీ గుర్తు కనిపించగానే మార్చేయాలి. నాది వెనకలైటు లేని రకం, సాయంత్రం డిక్కీలో తలదూర్చి పనిచేస్తుంటే అది పెద్ద ఇబ్బంది.

10 ఆంపియర్ల సాకెట్ గురించి గట్టిగా హెచ్చరించాలి. చాలా మీటర్లలో దానికి ఫ్యూజ్ ఉండదు. యాంప్ ఎంత కరెంట్ లాగుతుందో చూద్దామని ఎర్ర వైరు అందులో పెట్టి కారు బ్యాటరీకి ఆనిస్తే నేరుగా షార్ట్ అవుతుంది, వైరు చేతిలోనే కాలుతుంది. పెద్ద యాంప్ 50 ఆంపియర్లు సులభంగా దాటుతుంది. దానికి డీసీ కొలిచే క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టుకుని కరెంట్ కొలిచేది) కావాలి. అలాగే యాంప్ ఆన్‌లో ఉండగా ఓమ్స్ రేంజ్‌లో వూఫర్ టెర్మినల్స్‌ని ముట్టుకోకూడదు.

రేంజ్ తానే ఎంచుకునే ఆటో రేంజ్ మీటర్ ఒకటి షాపులో ఉంది. ధర చాలా ఎక్కువ, తెర బాగుంటుంది, వైర్లు గట్టివి, ఓమ్స్‌లో నిలకడ ఎక్కువ. అయినా 4 ఓమ్స్ వూఫర్ దగ్గర రెండూ చెప్పేది ఒకటే. తరచూ 1 ఓమ్ సిస్టమ్స్ చేసేవాళ్లు మాత్రం వైర్ల రెసిస్టెన్స్‌ని బటన్ నొక్కి సున్నా చేసే సదుపాయం ఉన్న మీటర్ తీసుకోవడం మేలు. సొంత కారుకి బాస్ ట్యూబ్ (గొట్టం ఆకారపు సబ్‌వూఫర్ బాక్స్) పెట్టుకునేవాళ్లకు, పని నేర్చుకునేవాళ్లకు పసుపు మీటర్ చాలు. కొనేటప్పుడు షాపులోనే 200 రేంజ్‌లో పెట్టి పిన్నులు కలిపి చూడండి. 0.8 దాటినా, వైరు వంచినప్పుడు అంకె మారినా ఇంకో పీస్ అడగండి.