ఐ20 ఎన్ లైన్ మాన్యువల్: అరకు ఘాట్‌లో, బీచ్ రోడ్డులో, పోర్టు దుమ్ములో వాడి చూశాక

2023 సెప్టెంబరులో 9.99 లక్షల ఎక్స్ షోరూమ్ ధరతో హ్యుండాయ్ ఐ20 కారుకు స్పోర్టీ రకమైన ఎన్ లైన్ కొత్త రూపంలో వచ్చినప్పుడు విశాఖలో కార్ల మీద మక్కువ ఉన్నవాళ్లందరూ అన్న మాట ఒకటే: "పవర్ పెంచలేదు కదా!" నిజమే, పెంచలేదు. అదే 998 సీసీ మూడు సిలిండర్ల టర్బో (ఇంజనులోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం ఉన్న) పెట్రోల్ ఇంజను, అదే 6,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) దగ్గర 120 పీఎస్ శక్తి, అదే 1,500 నుంచి 4,000 దాకా 172 ఎన్ఎం టార్క్, అంటే తిప్పే బలం. బంపర్, గ్రిల్, ఎల్‌ఈడీ హెడ్‌లైట్లు, అల్లాయ్‌ల డిజైన్ మారాయి. వాటి గురించి ఇక్కడ రాయను, షోరూమ్‌కి వెళ్లి చూస్తే తెలిసిపోతాయి. చాలాకాలం నడిపిన మీదట నేను చెప్పగలిగింది ఇది: ఈ మార్పులో పెర్ఫార్మెన్స్ అనదగ్గది ఎడమ కాలి కిందికి తిరిగొచ్చిన క్లచ్ పెడల్. దాని విలువ హైవే మీద కాదు, శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కాక తెలుస్తుంది.

2021 ఎన్ లైన్‌లో మాన్యువల్ స్థానంలో ఉన్నది ఐఎంటీ, అంటే ఇంటెలిజెంట్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్. గేర్ రాడ్ ఉంటుంది, క్లచ్ పెడల్ ఉండదు. చెయ్యి రాడ్‌ను కదపగానే సెన్సర్ పసిగట్టి, హైడ్రాలిక్ యాక్చుయేటర్ తనే క్లచ్‌ను విడదీస్తుంది. ట్రాఫిక్‌లో మోకాలికి హాయి, కాదనను. కానీ క్లచ్ ఎంత వేగంగా పట్టుకోవాలో, ఎక్కడ పట్టుకోవాలో నిర్ణయించేది కంప్యూటరే. దిగుడులో మూడు నుంచి రెండుకు దించేటప్పుడు క్లచ్ తొక్కి, యాక్సిలరేటర్‌ను ఒక్కసారి తట్టి, ఇంజను వేగం అందుకున్నాక క్లచ్ వదిలే పని అందులో మన చేతిలో లేదు. ఇప్పటి ఆరు గేర్ల మాన్యువల్‌లో ఉంది. ముందు చక్రాలు లాగే బండిలో, తడి రోడ్డు మీద, మలుపు మధ్యలో గేరు దెబ్బకు చక్రం జారకుండా ఉండాలంటే ఈ ఒక్క పని చాలా ముఖ్యం.

ఇంజను అంకెలను ఇంకొంచెం లోతుగా చూస్తే ఎలా నడపాలో అదే తేలుతుంది. 4,000 దగ్గర 172 ఎన్ఎం అంటే సుమారు 98 పీఎస్. 6,000 దగ్గర 120 పీఎస్ అంటే అక్కడ టార్క్ 140 ఎన్ఎం దాకా పడిపోయినట్టే. అంటే చివరి 2,000 ఆర్‌పీఎం గొంతు చించుకుని అరిస్తే దక్కేది 22 పీఎస్. ఓవర్‌టేక్‌కి అది పనికొస్తుంది. రోజువారీ ఘాట్ ఎక్కడానికి అవసరం లేదు. 2,000 నుంచి 4,500 మధ్య ఉంచితే డముకు నుంచి గాలికొండ దాకా బండి చక్కగా లాగుతుంది, వేడి అదుపులో ఉంటుంది, పెట్రోలూ మిగులుతుంది.

కింది వైపే అసలు జాగ్రత్త. హెయిర్‌పిన్ మలుపులో (దాదాపు వెనక్కి తిరిగే వంపులో) మూడో గేరు వదలకుండా బద్ధకిస్తే ఇంజను 1,300కి పడిపోతుంది. అక్కడ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే టర్బో ఊపందుకోదు, పైగా బండి గుడగుడమంటుంది. చిన్న టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే) ఇంజన్లకు ఈ తక్కువ ఆర్‌పీఎం, ఎక్కువ బరువు కలిసిన చోటే లో స్పీడ్ ప్రీ ఇగ్నిషన్ ప్రమాదం. స్పార్క్ పడకముందే మంట అంటుకుని పిస్టన్‌ను దెబ్బతీస్తుంది. మలుపు కనిపించగానే రెండుకు దించేయండి. ఆయిల్ కొనేటప్పుడు డబ్బా మీద ఏపీఐ ఎస్‌పీ అని ఉందో లేదో చూడండి. ఆ ప్రమాణంలో ఈ ముందస్తు మంట పరీక్ష కూడా ఉంది. చిక్కదనం మాత్రం ఓనర్స్ మాన్యువల్ చెప్పిందే వాడాలి, దుకాణదారు చెప్పింది కాదు.

ఇక దిగుడు. బ్రేకుల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే విశాఖ వాళ్లు ఈ కారుతో ఇబ్బంది పడేది ఎక్కువగా ఇక్కడే, అదీ కారు వల్ల కాదు. ఎన్ లైన్‌కి నాలుగు చక్రాలకూ డిస్క్‌లున్నాయి. వెనక డిస్క్ ఉంటే బండి తక్కువ దూరంలో ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆపే పని ఎక్కువ భాగం ముందు చక్రాలదే. వెనక డిస్క్ వల్ల వచ్చే లాభం వేడిని త్వరగా వదలడం, తడిసినా త్వరగా ఆరడం, ఈఎస్‌సీ (బండి జారకుండా చూసే ఎలక్ట్రానిక్ వ్యవస్థ) ఒక్కో చక్రాన్ని విడిగా పట్టినప్పుడు అది చురుగ్గా స్పందించడం. కానీ బ్రేక్ ఆయిల్ పాడైతే ఎన్ని డిస్క్‌లున్నా ఒకటే. డాట్ 4 రకం బ్రేక్ ద్రవానికి కొత్తగా ఉన్నప్పుడు మరుగు స్థానం కనీసం 230 డిగ్రీలు. నీరు పీల్చుకున్నాక ఆ కనీసం 155కి దిగుతుంది. ఈ ద్రవం గాలిలో తేమను పీల్చుకుంటూనే ఉంటుంది, మన ఊళ్లో తేమకు కొదవ లేదు. రెండేళ్లకొకసారి పూర్తిగా మార్పించండి. కిలోమీటర్లు తిరగకపోయినా సరే. చాలా చోట్ల సర్వీస్‌లో రిజర్వాయర్ పైన నింపి పంపేస్తారు, మనం నోరు తెరిచి అడిగితేనే నాలుగు చక్రాల నిపుల్స్ దగ్గరా పాత ద్రవం తీస్తారు.

గాలికొండ నుంచి కిందికి దిగేటప్పుడు మామూలు నియమం: ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి. ఈ ఇంజను చిన్నది, ఇంజను బ్రేకింగ్ పెద్ద డీజిల్ బండ్లంత ఉండదు. అందుకని ఎక్కిన గేరు కంటే ఒకటి కిందే ఉంచడం మేలు. రెండో గేరులో 3,500 నుంచి 4,000 తిరిగినా ఇంజనుకు ఏమీ కాదు, యాక్సిలరేటర్ వదిలేశాక ఇంధనం కూడా ఆగిపోతుంది. బ్రేకు సన్నగా తొక్కి పట్టుకుని దిగడం తప్పు. గట్టిగా రెండు మూడు సెకన్లు తొక్కి వేగం తగ్గించి, పూర్తిగా వదిలి చల్లారనివ్వాలి.

వేడెక్కితే రెండు రకాలుగా తెలుస్తుంది, రెంటికీ అర్థం వేరు. పెడల్ గట్టిగానే ఉండి, ఎంత తొక్కినా బండి ఆగనట్టు అనిపించి, కాలిన వాసన వస్తే ప్యాడ్‌లు వేడెక్కాయి. పెడల్ మెత్తగా స్పాంజిలా కిందికి దిగిపోతే ద్రవం మరిగి ఆవిరైంది, ఇది చాలా ప్రమాదం. పెడల్‌ను గబగబా పంప్ చేస్తూ కింది గేరుకు దించి, చదునైన చోటు చూసి ఆపాలి. ఆపాక కాలితో తొక్కి పట్టుకోవద్దు, హ్యాండ్‌బ్రేకూ వద్దు. గేరులో ఉంచి చక్రానికి రాయి వెయ్యండి. బాగా వేడెక్కిన డిస్క్‌కి ప్యాడ్ అంటుకునే ఉంటే ఆ ఒక్క చోట ప్యాడ్ పదార్థం మచ్చలా పడుతుంది, తర్వాత బ్రేకు వేసినప్పుడల్లా స్టీరింగ్ వణుకుతుంది. టైడా దగ్గర కొందరు ఆగి సీసాతో నీళ్లు తెచ్చి డిస్క్‌ల మీద పోస్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి, పగుళ్లు వస్తాయి.

డీసీటీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్) తీసుకున్నవాళ్లకు ఒక మాట. గేరు మార్చడానికి స్టీరింగ్ వెనక ప్యాడిల్స్ ఉన్నాయి, గేర్లు కన్నుమూసి తెరిచేలోగా పడతాయి, హైవే మీద మాన్యువల్ కంటే అదే వేగం. కానీ ఇందులోవి గాలితో చల్లబడే రెండు పొడి క్లచ్‌లు. సింహాచలం ఘాట్‌లో శనివారం రద్దీలోనో, చందనోత్సవం రోజుల్లోనో అడుగడుగు జరుగుతూ యాక్సిలరేటర్‌తో బండిని ఎత్తు మీద నిలబెట్టి ఉంచితే క్లచ్ పూర్తిగా పట్టుకోక జారుతూనే ఉంటుంది, ఆ వేడి పోయే దారి లేదు. ముందు బండికి రెండు కార్ల ఖాళీ ఇవ్వండి. ఆ ఖాళీ ఏర్పడ్డాకే కదిలి, ఒక్క ఊపులో వెళ్లి, బ్రేకు మీద ఆగండి. ఎక్కువసేపు ఆగాల్సి వస్తే న్యూట్రల్. కంచరపాలెం నుంచి గాజువాక దాకా రోజూ ఆఫీసు వేళల్లో తిరిగేవాళ్లు డీసీటీయా మాన్యువలా అని అడిగితే, ఎడమ కాలికి నొప్పి లేకపోతే మాన్యువలే అంటాను.

స్టీరింగ్ మామూలు ఐ20 కంటే బరువుగా ఉంటుంది. ఆ బరువు హైవే మీద నమ్మకం ఇస్తుంది, కానీ బరువు వేరు, రోడ్డు కబురు చేతికి అందడం వేరు. ఎలక్ట్రిక్ స్టీరింగ్ కాబట్టి టైరు పట్టు సడలుతున్నది చేతికంటే ముందు సీటుకే తెలుస్తుంది. సస్పెన్షన్ గట్టిదే. శీలానగర్, గాజువాక వైపు అతుకుల రోడ్డు మీద 30, 40 వేగంలో వెనక సీటువాళ్లు సణుగుతారు. 70 దాటాక అదే బండి కుదురుగా కూర్చుంటుంది. వెనక టార్షన్ బీమ్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే దూలం) కాబట్టి మలుపు మధ్యలో గుంత తగిలితే వెనక భాగం ఒకసారి పక్కకు గెంతుతుంది. అనంతగిరి దగ్గర లోపలి అంచు విరిగిన మలుపుల్లో ఆ అంచు వదిలి అర అడుగు బయటికి వెళ్లడమే మందు.

టైర్లు 195/55 ఆర్16. పట్టు పెంచుకోవాలని చాలామంది 205/55 ఆర్16 వేయిస్తున్నారు. దాంతో వ్యాసం 621 మిల్లీమీటర్ల నుంచి 632కి, అంటే 1.8 శాతం పెరుగుతుంది. బండి కాస్త ఎత్తు అవుతుంది, గేర్లు అంతే మేర పొడవైనట్టు అనిపిస్తాయి, కింది ఆర్‌పీఎంలో నీరసం పెరుగుతుంది. నా లెక్కలో అది నష్టమే. అదే సైజులో మంచి రబ్బరు కొనడం మేలు. టైర్లలో గాలి ఉదయం, టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూసుకోండి. ఎండలో హైవే దిగి 4 పీఎస్ఐ పెరిగిందని గాలి తీసేస్తే, చల్లారాక తక్కువైపోతుంది.

ఇక సముద్రం. జోడుగుళ్లపాలెం, రుషికొండ వైపు ఆరుబయట కారు పెట్టేవాళ్లు తెల్లారేసరికి డిస్క్‌ల మీద నారింజ రంగు పొర చూస్తారు. మొదటి నాలుగు బ్రేకులకు పోతుంది, దాని గురించి బెంగ వద్దు. బెంగపడాల్సింది కాలిపర్ (ప్యాడ్‌లను డిస్క్‌కి నొక్కే భాగం) అటూ ఇటూ జరిగే స్లయిడ్ పిన్‌ల గురించి. అవి ఉప్పుకు బిగుసుకుపోతే రెండు ప్యాడ్‌లలో లోపలిదే అరుగుతుంది. బయటినుంచి స్పోక్‌ల మధ్య ఎర్ర కాలిపర్ మెరుస్తూ, బయటి ప్యాడ్ మందంగానే కనిపిస్తుంది. లోపలిది మాత్రం ఇనుప పలక దాకా వచ్చి ఉంటుంది. ఏడాదికొకసారి చక్రం విప్పించి రెండు ప్యాడ్‌లనూ పక్కపక్కన పెట్టి చూడండి. పిన్‌లకు బ్రేకులకు వాడే సిలికాన్ గ్రీజే రాయాలి. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు బూట్లు ఉబ్బిపోతాయి. వారాల తరబడి కదపనప్పుడు హ్యాండ్‌బ్రేకు వదిలి గేరులో ఉంచండి.

పోర్టు వైపు తిరిగే తెల్లకారుకైతే ఇంకో సమస్య. డిక్కీ తలుపు మీద వేలితో తడిమితే గరుకుగా, గుండుసూది తలంత నారింజ చుక్కలు తగులుతాయి. షాంపూకి పోవు. గోటితో గీకితే పెయింట్ మీది పారదర్శక పొర (క్లియర్‌కోట్) పోతుంది. అవి పెయింట్‌లో దిగిన ఇనుప రజను. ఐరన్ రిమూవర్ స్ప్రే చేస్తే ఊదా రంగులో కరిగి కారుతుంది. ఎండలో కాకుండా నీడలో, ఆరిపోకముందే కడగాలి. అదే దుమ్ము ఎయిర్ ఫిల్టర్‌లోకీ వెళ్తుంది కాబట్టి సర్వీస్‌కు 10,000 కి.మీ. దాకా ఆగకుండా సగంలోనే ఒకసారి తీసి వెలుతురుకు పట్టి చూడండి.

మైలేజీ ఊళ్లో లీటరుకు 11, 12 దగ్గర, అనకాపల్లి దాటి నిదానంగా 90లో పోతే 17 దాకా, ఘాట్‌లో సరదాగా నడిపితే ఒక అంకెకు పడిపోతుంది. ట్యాంకు 37 లీటర్లే, కాబట్టి అరకు వెళ్లే ముందు నింపుకోవాలి. ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ, 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోలుతో మైలేజీ కాస్త తగ్గడం సహజం.

మార్పుల విషయానికొస్తే, ఈసీయూ (ఇంజను కంప్యూటర్) రీమ్యాప్ చేయిస్తే, అంటే దాని ప్రోగ్రామ్ మార్పిస్తే, వారంటీ మీద ఆశ వదులుకోవాలి. టార్క్ పెంచాక మొదట లొంగేది క్లచ్. నాలుగో గేరులో 2,000 దగ్గర పూర్తిగా తొక్కినప్పుడు వేగం పెరగకుండా ఆర్‌పీఎం ముల్లు మాత్రం పైకి పాకితే క్లచ్ జారుతోంది. రెండు గొట్టాల ఎగ్జాస్ట్ శబ్దం ఇప్పటికే మూడు సిలిండర్లకు తగినంత బాగుంది, దాన్ని కోసి కొత్తది అతికించాల్సిన పని లేదు. డబ్బు ఖర్చు పెట్టాలనుకుంటే ముందు టైర్లకు, తర్వాత ప్యాడ్‌లకు పెట్టండి.

సెకండ్‌హ్యాండ్‌లో 2021, 2022 ఐఎంటీ బండి చవకగా దొరుకుతోంది కదా, తీసుకోమంటారా అని అడిగేవాళ్లున్నారు. ఊళ్లో తిరగడానికైతే సరే. చూసేటప్పుడు కైలాసగిరి ఎక్కుడు మీద ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, దాన్ని వదులుతూ మొదటి గేరులో మెల్లగా కదపండి. కుదుపు, వాసన ఉంటే వదిలేయండి. చల్లటి ఇంజను స్టార్ట్ చేసి ఐడిల్ వినండి. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోలు ఇన్‌టేక్ వాల్వుల మీద పడదు కాబట్టి మసి కడిగేవాళ్లుండరు, వణుకుతూ తిరిగితే ఆ మసిని కూడా అనుమానించాలి, అది తీయించే ఖర్చు ధరలో తగ్గించుకోవాలి. టైరు పక్కన తయారీ తేదీ చెప్పే నాలుగు అంకెల్లో మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. నాలుగింటి మీదా ఆ అంకెలు కలవకపోతే ఎందుకు మార్చారో అమ్మేవాళ్లను అడగండి.