చెన్నైలో ‘ట్యూన్ చేసిన’ కంప్యూటర్ అమ్ముతున్నారు, కొనేముందు ఇది చదవండి

చెన్నైలో అసెంబుల్డ్ కంప్యూటర్ కొనాలనుకుంటున్న తెలుగువాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో నిజాయితీగా అమ్మే దుకాణాలు చాలా ఉన్నాయి, వాళ్ళ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ కొన్నిచోట్ల సెకండ్ హ్యాండ్ సిస్టమ్‌ని ఓవర్‌క్లాక్ చేసి, అంటే కంపెనీ పెట్టిన స్పీడు కంటే ఎక్కువ స్పీడులో నడిచేలా మార్చి, ‘స్పీడ్ ట్యూనింగ్’ అని పేరు పెట్టి, దానికి వేరేగా డబ్బు తీసుకుంటున్నారు. మా తమ్ముడి వీడియో ఎడిటింగ్ పనికి మేం కొన్నది అలాంటిదే.

రైజెన్ 5 3600 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్. దుకాణంలో ఏసీ కింద సినీబెంచ్ అనే స్పీడు కొలిచే ప్రోగ్రామ్ ఒక్కసారి నడిపి స్కోరు చూపించారు. ఇంట్లో కూడా మామూలు పనులకు ఏ ఇబ్బందీ రాలేదు. వీడియో ఎక్స్‌పోర్ట్ పెడితే మాత్రం మధ్యలో బ్లూ స్క్రీన్, లేదంటే చెప్పాపెట్టకుండా రీస్టార్ట్. పెళ్ళివాళ్ళు వీడియో కోసం ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంటే మావాడి టెన్షన్ చూడలేకపోయాం.

దుకాణంవాళ్ళను అడిగితే మీ ఇంట్లో కరెంటు బాగాలేదు, యూపీఎస్ కొనండి అన్నారు. విండోస్ తన తప్పులు రాసిపెట్టుకునే లాగ్, ఈవెంట్ వ్యూయర్‌లో ‘కెర్నల్ పవర్ 41’ అని ఉంది కదా, అదే రుజువు అన్నారు. దయచేసి ఈ మాట నమ్మకండి. సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని మాత్రమే ఆ 41 చెబుతుంది, ఎందుకు ఆగిందో చెప్పదు. అదే లాగ్‌లో దానికి కొంచెం పైన ‘డబ్ల్యూహెచ్ఈఏ లాగర్’ పేరుతో ఎర్రర్లు వరసగా ఉన్నాయి. అవి హార్డ్‌వేర్ తనంతట తాను చెప్పుకున్న తప్పులు. వాటి గురించి వాళ్ళు నోరు విప్పలేదు. తర్వాత విండోస్ పాడైందని ఫార్మాట్ చేసి ఇచ్చారు. స్పీడు సెట్టింగులు ఉండేది విండోస్‌లో కాదు, మదర్‌బోర్డులోని బయోస్‌లో. ఫార్మాట్ చేస్తే అవి మారవు కాబట్టి జబ్బు అలాగే ఉండిపోయింది.

అసలు సంగతి టాస్క్ మేనేజర్‌లో బయటపడింది. ఈ ప్రాసెసర్ బేస్ స్పీడ్, అంటే మామూలు స్పీడు, 3.6 గిగాహెర్ట్జ్. అవసరమైనప్పుడు తనంతట తాను పెంచుకునే స్పీడు (బూస్ట్) గరిష్ఠంగా 4.2 అని కంపెనీ చెబుతుంది. మా దాంట్లో బేస్ స్పీడే 4.3 అని చూపిస్తోంది, అంటే అన్ని కోర్లనూ ఎప్పుడూ అక్కడే పరుగెత్తిస్తున్నారు. ర్యామ్ స్టిక్కర్ మీద 3200 అని ఉంటే నడుస్తున్నది 3600 మీద. బయోస్‌లోకి వెళ్దామంటే పాస్‌వర్డ్ పెట్టేశారు!

ఏసీ గదిలో ఒక్క టెస్టు పాసైనంత మాత్రాన ఓవర్‌క్లాక్ నిలబడినట్టు కాదు. గదిలో గాలి పది డిగ్రీలు వేడెక్కితే చిప్ కూడా ఇంచుమించు అంతే వేడెక్కుతుంది. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో, మేడ మీది గదిలో, గంటసేపు రెండర్ పెడితే ఏమవుతుందో దుకాణంలో ఎవరూ చూడలేదు. పైగా ఒకే మోడల్‌లో ఒక చిప్ తట్టుకున్న స్పీడును ఇంకొకటి తట్టుకోదు.

రీస్టార్ట్ కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. ర్యామ్ తప్పులు చేస్తున్నా సిస్టమ్ ప్రతిసారీ ఆగిపోదు, తప్పు డేటానే నిశ్శబ్దంగా డిస్క్‌లో రాసేస్తుంది. కెమెరా కార్డు నుంచి కాపీ చేసిన పెళ్ళి ఫోటోల్లో కొన్ని తెరిస్తే, తలంబ్రాల ఫోటోలో పైన పందిరి, పెళ్ళికూతురి ముఖం వరకు బాగానే ఉంది, అక్కడి నుంచి కిందంతా బూడిదరంగు పట్టీ. కార్డు ఇంకా చెరపలేదు కాబట్టి సరిపోయింది. డబ్బు పోతే సంపాదించుకోవచ్చు, అవి పోతే ఎక్కడి నుంచి తెస్తాం?

కరెంటు పూర్తిగా తీసేసి, మదర్‌బోర్డు మాన్యువల్ చూసి సీమాస్ క్లియర్ చేశాం, అంటే బయోస్ సెట్టింగులన్నీ చెరిపేశాం. మా బోర్డులో పాస్‌వర్డ్ కూడా దాంతోనే పోయింది. అన్నీ డిఫాల్ట్‌లో పెట్టి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 రాత్రంతా నడిపితే ఒక్క ఎర్రర్ లేదు. ఎక్స్‌పోర్ట్ కూడా ఆగకుండా పూర్తయింది. తర్వాత ర్యామ్‌ను ఎక్స్‌ఎంపీతో (ర్యామ్ కంపెనీ ముందే పెట్టి ఇచ్చిన స్పీడు సెట్టింగు) 3200కి పెట్టి మళ్ళీ పరీక్షించాం, బాగుంది. ప్రాసెసర్ జోలికి పోలేదు. ఇలా వెతికేటప్పుడు ఒకసారికి ఒక్క సెట్టింగే మార్చండి, రెండూ కలిపి మారిస్తే దోషం ఎక్కడుందో తేలదు.

కాబట్టి డబ్బు చేతిలో పెట్టకముందే మీ ఎదుట సిస్టమ్ రీస్టార్ట్ చేయించి బయోస్ తెరిపించండి. ప్రాసెసర్ స్పీడును నిర్ణయించే సీపీయూ రేషియో, వోల్టేజ్ ‘ఆటో’లో ఉండాలి. ర్యామ్ స్పీడు స్టిక్కర్ మీద ఉన్నదాన్ని మించకూడదు. డిఫాల్ట్స్ లోడ్ చేయించి, సిస్టమ్‌ను పూర్తి భారం మీద నడిపి చూసే ఓసీసీటీ లాంటి టెస్టు కనీసం అరగంట నడపమనండి. ‘పాస్‌వర్డ్ ఉంది, తెరిస్తే వారంటీ పోతుంది’ అంటే ఆ సిస్టమ్ అక్కడే వదిలేసి వచ్చేయండి. ఓవర్‌క్లాక్ వల్ల జరిగిన నష్టాన్ని ఏఎండీ గానీ ఇంటెల్ గానీ వారంటీలో భరించవు, ఆ ఓవర్‌క్లాక్ దుకాణంవాడు చేసినా సరే. బిల్లులో ప్రాసెసర్, ర్యామ్ మోడల్ పేర్లు, వారంటీ గడువు విడివిడిగా రాయించుకోండి.

ట్యూనింగ్‌కి తీసుకున్న డబ్బు తిరిగి ఇవ్వం అని దుకాణంవాళ్ళు మాతో చెప్పేశారు. బిల్లు, టాస్క్ మేనేజర్ ఫోటోలు జతచేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇస్తున్నాం. ఇలాంటి సిస్టమ్ ఇప్పటికే మీ ఇంట్లో ఉంటే, సెట్టింగులు మార్చకముందే స్క్రీన్ ఫోటోలు తీసి పెట్టుకోండి. ఈ మధ్య అందులోకి కాపీ చేసిన ఫైళ్ళను కూడా ఒక్కొక్కటి తెరిచి చూసుకోండి, అప్పటిదాకా కెమెరా కార్డులు చెరపకండి.