వజ్రమా, లేజరా, పయానా? తేలిక మెసాన్ల వేటకి ఏది మేలు?

మా మేనకోడలు తిరుపతిలో ఎంఎస్సీ ఫిజిక్స్ రెండో ఏడు చదువుతోంది. ప్రాజెక్టుకి టాపిక్ వెతుక్కుంటూ మొన్న ఆదివారం నోటుబుక్కుతో మా ఇంటికి దిగింది. పేజీని నిలువుగా రెండు చేసి ఒకవైపు 'వజ్రం: 40 శాతం', ఇంకోవైపు 'లేజర్: 95 శాతం' అని రాసుకుంది. మెసాన్లు పుట్టించడానికి ప్రొటాన్ల మీద కొట్టే ఫోటాన్ (కాంతి కణాల) బీమ్‌కి ఏ పద్ధతిలో ఎంత ధ్రువణం వస్తుందో, అంటే ఆ కాంతి ఎంతవరకు ఒకే దిశలో ఊగుతుందో, ఆ అంకెలు. "ఇంకా చూసేదేముంది మామా, లేజరే కదా మేలు?" అంది.

శాతం చూసి సరుకు కొనేస్తే ఎట్లా? ముందు ఏం పట్టుకోవాలో తేల్చుకోవాలి. మెసాన్ అంటే ఒక క్వార్క్, ఒక యాంటీక్వార్క్ కలిసిన జత. అప్, డౌన్, స్ట్రేంజ్ క్వార్కులతో అయ్యేవి తేలిక మెసాన్లు. పయాన్, రో, ఫై లాంటివి మనకి పాత చుట్టాలే. అసలు వేట హైబ్రిడ్ల కోసం. వాటిలో క్వార్కుల్ని కట్టిపడేసే గ్లువాన్ క్షేత్రం కూడా ఊగుతూ ఉంటుంది. కొన్ని హైబ్రిడ్ల క్వాంటం సంఖ్యలు, అంటే కణాన్ని గుర్తుపట్టే అంకెలు, మామూలు జతకి రానే రావు. స్పిన్ 1, పారిటీ (అద్దంలో తిప్పి చూస్తే వచ్చే గుర్తు) మైనస్, సీ-పారిటీ (కణాన్ని యాంటీకణంతో మారిస్తే వచ్చే గుర్తు) ప్లస్ అనేది అలాంటి కలయికే. ఈ గుర్తులున్న పై-1(1600) జాడ 1990లలో అమెరికాలోని బ్రూక్‌హేవెన్‌లో, ఆ తర్వాత యూరప్‌లోని సెర్న్ ల్యాబ్‌లో కంపాస్ ప్రయోగంలో దొరికింది. రెండు చోట్లా పయాన్ బీమే. దాని ద్రవ్యరాశి దాదాపు 1.6 జీఈవీ (వంద కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు ఒక జీఈవీ, కణాల బరువుకీ శక్తికీ ఇదే కొలత). ఈ అంకె రాసుకోమన్నాను, తర్వాత పనికొస్తుందని.

ధ్రువణం ఎందుకో చూపించడానికి నా చలువ కళ్లద్దాలు తెచ్చాను. పోలరాయిడ్ అద్దాలు, ఒకవైపు గీతలు పడ్డాయి గానీ పని చేస్తాయి. తన ల్యాప్‌టాప్ తెర ముందు పెట్టి మెల్లగా తిప్పితే ఒకచోట తెర దాదాపు నల్లబడింది. ఇంకో 90 డిగ్రీలు తిప్పగానే మళ్లీ వెలుగు. తెరలోంచి వచ్చే కాంతి ఒకే దిశలో ఊగుతోంది కాబట్టే ఇది. ఆక్సిలరేటర్ దగ్గర కళ్లద్దాలు ఉండవు, ద్రవ హైడ్రోజన్‌లో ప్రొటాన్లు ఉంటాయి. ఫోటాన్ ప్రొటాన్‌ని తాకి మెసాన్‌గా మారేటప్పుడు రెండింటి మధ్యా ఏదో ఒకటి చేతులు మారుతుంది. ఆ మారేది రో, ఒమేగా కోవది అయితే, పుట్టిన పై-సున్నా మెసాన్లు (ఛార్జి లేని పయాన్లు) ధ్రువణ దిశకి అడ్డంగా ఎక్కువ వెళ్తాయి. పారిటీ తిరగబడిన కోవది అయితే ఆ దిశ వెంబడే ఎక్కువ. మెసాన్లు ఎటు వెళ్లాయో లెక్కపెడితే చాలు, కంటికి కనపడని ఆ బేరం బయటపడుతుంది.

దిక్కుకి సగటున 1000 మెసాన్లు పడుతున్నాయి, అంతా రో, ఒమేగా కోవే అనుకుందాం. 95 శాతం ధ్రువణంతో అడ్డంగా 1950, వెంబడి 50 వస్తాయి. 40 శాతంతో అయితే 1400, 600. "నేను చెప్పలా?" అని ఎగిరింది. నిజమే, కొలత పదునులో ధ్రువణం వర్గం లెక్కకి వస్తుంది కాబట్టి ఫోటాన్‌కి ఫోటాన్ చూస్తే లేజర్ విలువ ఐదారు రెట్లు ఎక్కువ. ఒప్పుకున్నాను.

అప్పుడు ఆ 1.6 బయటికి తీయమన్నాను. కదలకుండా ఉన్న ప్రొటాన్‌ని కొట్టి, ప్రొటాన్‌ని ప్రొటాన్‌గానే ఉంచి, పక్కన 1.6 జీఈవీ మెసాన్‌ని పుట్టించాలంటే ఫోటాన్‌కి కనీసం 2.96 జీఈవీ కావాలి. కాగితం మీద తనే వేసింది. ఇప్పుడు జపాన్‌లోని స్ప్రింగ్-8లో జరిగిన లెప్స్ ప్రయోగం చూడండి. అక్కడ 8 జీఈవీ ఎలక్ట్రాన్లకి ఎదురుగా అతినీలలోహిత లేజర్ కొట్టి, వెనక్కి ఎగిరే ఫోటాన్లని వాడుకున్నారు. గరిష్ఠ శక్తి 2.4 జీఈవీ. దాంతో 1.4 జీఈవీ బరువు దాటిన మెసాన్ పుట్టదు. ఫై మెసాన్‌కి 1.57 జీఈవీ చాలు కాబట్టి దాని మీద లెప్స్ చేసిన పని చాలా బాగుంది. పై-1 కావాలంటే మాత్రం అది అలిపిరి దాకా వెళ్లి ఆగిపోయే బస్సు. కిటికీ సీటు ఖాయం, కొండ మాత్రం ఎక్కదు. వజ్రం బస్సులో నిలబడి పోవాలి, కానీ తిరుమలలో దించుతుంది.

"ఎలక్ట్రాన్ల శక్తి పెంచితే పోలా?" అంది. మంచి ప్రశ్నే. అమెరికాలోని జెఫర్సన్ ల్యాబ్‌లో ఎలక్ట్రాన్లు 12 జీఈవీ దాకా వెళ్తాయి. వాటి మీద అదే లేజర్ వేసినా లెక్క ప్రకారం 4.7 దగ్గర ఆగుతుంది. గడప దాటినట్టే, కానీ ఆ శక్తి దగ్గర మెసాన్ విరిగిన ముక్కలు, ఉత్తేజితమైన ప్రొటాన్ విరిగిన ముక్కలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఏది ఎవరి పిల్లో విడదీయడం నరకం. 9 దగ్గర అవి బాగా దూరం జరుగుతాయి. లేజర్‌తో 9 దాకా వెళ్లినవాళ్లు లేకపోలేదు. అమెరికాలోని స్లాక్ ల్యాబ్ వాళ్లు ఇంకా పెద్ద శక్తి ఎలక్ట్రాన్లతో 9.3 జీఈవీ ఫోటాన్లు తయారుచేసి, కణాలు పోయిన దారి బుడగలుగా కనిపించే బబుల్ ఛాంబర్‌లో ఫోటోలు తీసి, రో మెసాన్ల మీద 1973లో ప్రచురించారు. ఒక్కో ఫోటోనీ మనిషి చూసి కొలిచే కాలం అది. పై-1 లాంటి అరుదైన సరుకుకి ఆ లెక్కలు చాలవు.

వజ్రం కథ నాకు ఎక్కువ ఇష్టం, అందుకే ఇక్కడ కాస్త సాగదీస్తాను. ఎలక్ట్రాన్ ఏ లోహపు రేకులోంచి దూసుకుపోయినా మందగించి ఫోటాన్లు చిమ్ముతుంది, కానీ ధ్రువణం ఉండదు. వజ్రంలో పరమాణువులు వరసగా పేర్చినట్టు ఉంటాయి. స్ఫటికాన్ని సరైన కోణంలో నిలబెడితే ఎలక్ట్రాన్ తన్నిన తన్నుని ఒక్క పరమాణువు కాకుండా స్ఫటికం మొత్తం కలిసి మోస్తుంది, చిమ్మిన కాంతి ఒకే తాళంలో కలుస్తుంది. చంద్రగిరి దాటాక గాదంకిలో ఉన్న ఎంఎస్‌టీ రాడార్‌ని మా అమ్మాయి కాలేజీ టూర్‌లో చూసింది. 1024 యాగి యాంటెన్నాలు తాళం తప్పకుండా పలికితేనే సన్నటి కిరణం పైకి లేస్తుందని అక్కడ చెప్పారట. ఇక్కడ యాంటెన్నాల బదులు కార్బన్ పరమాణువులు, అంతే తేడా.

వజ్రంతో ఈ వేట సాగించే ప్రయోగం జెఫర్సన్ ల్యాబ్‌లోని గ్లూఎక్స్. అందులో వాడే వజ్రం మందం 50 మైక్రాన్లు, తల వెంట్రుక లాంటిది. అక్కణ్నించి 75 మీటర్ల దూరంలో 5 మిల్లీమీటర్ల బెజ్జం పెట్టారు. తాళంలో ఉన్న ఫోటాన్లు నేరుగా ముందుకే పోతాయి కాబట్టి బెజ్జంలో దూరతాయి, తాళం తప్పినవి ఎక్కువగా పక్కకి పోయి ఆగిపోతాయి. వదిలొచ్చిన ఎలక్ట్రాన్‌ని అయస్కాంతంతో వంచి దాని శక్తి కొలిస్తే ఫోటాన్ శక్తి ఎంతో తెలుస్తుంది. 8.4 నుంచి 9 జీఈవీ మధ్య ధ్రువణం 40 శాతానికి కొంచెం అటూఇటూ. శాతంలో పోయింది సంఖ్యలో వస్తుంది. ఆ శ్రేణిలో సెకనుకి కోటికి పైనే ఫోటాన్లు, లెప్స్‌లో పది లక్షల స్థాయి.

వజ్రానికి ఇంకో సుగుణం ఉంది. దాన్ని 90 డిగ్రీలు తిప్పితే ధ్రువణం అడ్డం నుంచి నిలువుకి మారుతుంది. డిటెక్టర్‌లో ఒక మూల సరిగా పనిచేయకపోయినా రెండు దిశల లెక్కలనీ పోల్చినప్పుడు ఆ లోపం కొట్టుకుపోతుంది. లేజర్‌లోనూ తిప్పొచ్చు, ఇంకా సులువుగా. ఆ విషయంలో రెండూ సమానమే. 2017లో గ్లూఎక్స్ మొదటి పేపర్ ఈ తిప్పుడు మీదే నడిచింది. పై-సున్నా, ఈటా మెసాన్లని చూశారు. పై-సున్నా దగ్గర అసమానత (అడ్డంగా, వెంబడి పోయినవాటి తేడా, ధ్రువణం పూర్తిగా ఉంటే ఎంత ఉండేదో ఆ లెక్కలో) 1కి దగ్గర్లో వచ్చింది, అంటే బేరం దాదాపుగా రో, ఒమేగా కోవదే.

ఇక పయాన్. దానికి స్పిన్ సున్నా, ధ్రువణం అనే మాటే లేదు. అయినా తీసిపారేయొద్దు. కంపాస్ 190 జీఈవీ పయాన్లతో 2008లో పోగేసిన మూడు పయాన్ల డేటాలో 4.6 కోట్ల సంఘటనలున్నాయి. అంత పెద్ద రాశిలో వెతికి 2015లో ఏ-1(1420) అనే వింత గుర్తుని పైకి తీశారు. పై-1 ఉందా లేదా అని మాత్రమే అడిగితే నేను ఇప్పటికీ పయాన్ వైపే మొగ్గుతాను. అది ఎలా పుడుతుంది అని అడిగితే కాదు. స్పిన్ 1 ఉన్న ఫోటాన్ రో లాగా ప్రవర్తిస్తుంది, దాని క్వార్కుల స్పిన్‌లు ఒకే వైపు ఉంటాయి. అక్కణ్నించి స్పిన్ 1 హైబ్రిడ్‌కి పోవడం దగ్గరి దారి అని సిద్ధాంతకారులు ఎప్పట్నుంచో అంటున్నారు. ఆ దారి నిజంగా దగ్గరదేనా అన్నది ఇంకా తేలలేదు. 2024లో గ్లూఎక్స్ ఇచ్చింది పై-1 ఉత్పత్తికి ఒక పైహద్దు మాత్రమే. బీజింగ్‌లో ఎలక్ట్రాన్, పాజిట్రాన్ గుద్దించే బీఈఎస్-3 వాళ్లు 2022లో ఈటా-1(1855) చూపించారు. అది వేరే దారి, ఈ బేరంలోకి తేను.

నోటుబుక్కులో లేజర్ కింద 'ఫైకి', వజ్రం కింద 'పై-1కి' అని రాసి, మూడో గీత గీసి పయాన్‌ని చేర్చింది. ప్రాజెక్టుకి వజ్రమే తీసుకుంది. వజ్రం కొనక్కర్లేదు కదా, యాదృచ్ఛిక సంఖ్యలతో ఆ 1400, 600ల్ని ల్యాప్‌టాప్‌లోనే పుట్టించి, డిటెక్టర్‌లో కావాలనే ఒక మూల పాడుచేసి, రెండు దిశలూ కలిపాక అసలు విలువ తిరిగొస్తుందో లేదో చూస్తానంది.

గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ ఆగింది. "అది సరే మామా, వెంట్రుకంత వజ్రాన్ని అంత కచ్చితంగా ఎట్లా తిప్పుతారు?"

"మీ ల్యాబ్‌లో స్పెక్ట్రోమీటర్‌కి ప్రిజం పెట్టే చిన్న బల్ల ఉంటుందే, కింద మూడు మరలతో? ఆ జాతిదే, గోనియోమీటర్ అంటారు. మరలకి బదులు మోటార్లు."

"ఆ మరలు సరిచేయడానికే మాకు ఒక పూట పడుతుంది" అంటూ స్కూటీ తీసింది.