మీల్ ప్రిప్‌కి గాజు లాక్ డబ్బాలు: ఏ సైజు కొనాలి, ఏం పెట్టాలి, ఎక్కడ దెబ్బతింటాయి

ఆదివారం వండి పెట్టుకుని బుధవారం దాకా ఆఫీసుకి పట్టుకెళ్దామనుకునేవాళ్ళకి బోరోసిలికేట్ గాజు లాక్ డబ్బా కొనదగ్గ వస్తువే. కాకపోతే ఆఫీసులో మైక్రోవేవ్ ఉండాలి, ఆ బరువు మొయ్యడానికి మీరు ఒప్పుకోవాలి. మైక్రోవేవ్ లేకపోతే మన స్టీలు డబ్బాని మించింది లేదు. గాజుకి డబ్బు పెట్టడం దండగ.

ప్లాస్టిక్‌తో పోలిస్తే గాజుకున్న అసలు లాభం పసుపు, నూనె, ఇంగువ వాసన పట్టకపోవడం. ప్లాస్టిక్ డబ్బాలో ఒక్కసారి సాంబారు పోస్తే ఆ రంగు ఇక పోదు. గాజైతే సబ్బుతో తోమితే కొత్తదానిలా ఉంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసి అదే డబ్బాలో వేడిచేసుకుని అందులోనే తినెయ్యొచ్చు, తోమాల్సిన గిన్నె ఒకటి తగ్గుతుంది. పక్కనుంచి చూస్తేనే లోపల ఏముందో తెలుస్తుంది. మూత తియ్యకుండా కనిపిస్తే తినబుద్ధేస్తుంది, కనపడనిది వెనక్కి జరిగిపోయి పాడవుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి ఇది చిన్న విషయమేం కాదు.

కొనేటప్పుడు అడుగున అచ్చువేసిన అక్షరాలు చదవండి. 'బోరోసిలికేట్' అని ఉండాలి. ఉత్త 'టెంపర్డ్ గ్లాస్' అని మాత్రమే ఉంటే అది చాలావరకు గట్టిపరిచిన మామూలు సోడా లైమ్ గాజే. బోరోసిలికేట్ వేడికి దానిలో మూడో వంతు మాత్రమే వ్యాకోచిస్తుంది, అందుకే చల్లదనం నుంచి వేడికి మారినా ఓర్చుకుంటుంది. టెంపర్డ్ గాజు కింద పడితే కొంచెం ఎక్కువ తట్టుకుంటుంది కానీ, వేడి తేడాకి పగిలితే చిన్న చిన్న ముక్కలై వంటింటి నిండా చిమ్ముతుంది. అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఒక మాట: అక్కడి దుకాణాల్లో దొరికే పైరెక్స్ గిన్నెలు సోడా లైమ్ రకం, ఐరోపాలో అమ్మేవి బోరోసిలికేట్. పేరొకటే కదా అని రెంటినీ ఒకేలా వాడకండి.

బోరోసిలికేట్ అయినా వజ్రం కాదు. ఫ్రీజర్‌లోంచి తీసింది నేరుగా వేడి ఓవెన్‌లో పెట్టకూడదు, గ్యాస్ మంట మీద అసలే పెట్టకూడదు. వేడి డబ్బాని తడి గ్రానైట్ గట్టు మీద దించకూడదు, కింద మడిచిన గుడ్డ ఉండాలి. అంచున చిన్న పెచ్చు లేచినా తిండికి ఇక వాడొద్దు. పగులు మొదలయ్యేది అక్కడే, పైగా ఆ పెచ్చు తినేదాంట్లో పడిందో లేదో మీకు తెలియదు.

సైజు దగ్గర చాలామంది పొరపాటుపడతారు. పది డబ్బాల సెట్ చూడముచ్చటగా ఉంటుంది కానీ అందులో సగం ఏ పనికీ రాని కొలతలే. ఒక మనిషి మూడు మధ్యాహ్న భోజనాలకి కావలసింది 640 మిల్లీలీటర్లవి మూడు, 320 మిల్లీలీటర్లవి మూడు, అంతే. పెద్ద దాంట్లో అన్నం, కూర. చిన్న దాంట్లో పప్పో పులుసో. లీటరు డబ్బా కొంటే దాన్ని నింపాలనిపిస్తుంది, నింపితే అన్నం ఎక్కువవుతుంది. ఆరోగ్యంగా తినాలని మొదలుపెట్టిన పని అక్కడే చెడుతుంది.

640 ఎందుకంటే లెక్క ఇదీ. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2000 కిలోకేలరీల రోజుకి ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పప్పులు లేదా గుడ్లు, మాంసం కలిపి 85 గ్రాములు అన్నారు. అన్నీ వండకముందు బరువులే. మధ్యాహ్నం వాటాకి 70 గ్రాముల బియ్యం వేసుకుంటే వండాక 200 గ్రాముల దగ్గరికొస్తుంది, డబ్బాలో సగం కంటే తక్కువ జాగా. 200 గ్రాముల పచ్చి కూరగాయ ముక్కలు మగ్గి ఇంచుమించు మిగతా సగంలో సర్దుకుంటాయి. పైన వేలు మందం ఖాళీ మిగులుతుంది, మిగలాలి కూడా. 30 గ్రాముల కందిపప్పు ఉడికించి నీళ్ళు కలిపితే చిన్న డబ్బాకి సరిపోతుంది. అంటే మూడు పూటలకి బియ్యం 210 గ్రాములు, కందిపప్పు 90 గ్రాములు, కూరగాయలు 600 గ్రాములు. నూనె మొత్తానికి నాలుగు టీస్పూన్లు దాటనవసరం లేదు.

మధ్యలో గోడ ఉన్న గాజు డబ్బాలు కొనొద్దు. మూత చుట్టూ ఉండే సిలికాన్ రింగు బయటి అంచునే బిగిస్తుంది, మధ్య గోడ మీద చాలా వాటిలో ఏమీ ఉండదు. స్కూటర్ మీద ఒక్క గతుకు పడితే పప్పు గోడ దూకి వేపుడులో కలుస్తుంది. బయటికి కారలేదు కాబట్టి లీక్‌ప్రూఫ్ అనే మాట అబద్ధం కాదు, కానీ మీకు ఒరిగిందేమీ లేదు.

గాజుకంటే ముందు పోయేది మూతే. నాలుగు వైపులా ఉండే క్లిప్పులు పలచటి ప్లాస్టిక్ మడత మీద తిరుగుతాయి, ఆ మడత తెల్లబడి చివరికి విరుగుతుంది. అందుకే మూతలు విడిగా అమ్ముతున్నారో లేదో ముందే చూసుకోండి. అమ్మకపోతే ఒక క్లిప్పు విరిగిన నాడు మంచి గాజు డబ్బా కాస్తా పచ్చడి గిన్నె అవుతుంది. ఇంటికి తెచ్చిన రోజే పరీక్ష చెయ్యండి: మూడొంతులు నీళ్ళు పోసి, క్లిప్పులన్నీ బిగించి, టిష్యూ కాగితం మీద పది నిమిషాలు తలకిందులుగా ఉంచండి. తర్వాత చేత్తో పట్టుకుని గట్టిగా ఊపండి. పొడవాటి డబ్బాలైతే మూలల్లో, పొడుగు అంచు మధ్యలో చెమ్మ కనబడుతుంది. గుండ్రటివి బాగా బిగుస్తాయి, చదరపువి ఫ్రిజ్‌లో బాగా ఇముడుతాయి. పప్పుకి గుండ్రటివి, అన్నం కూరలకి చదరపువి తీసుకుంటే గొడవ లేదు.

ఇక డబ్బాలో ఏం పెట్టాలన్నది. ఇడ్లీ పిండి పెట్టొద్దు, పులిసి గాలి పుట్టి మూత ఎగదన్నుతుంది. బెండకాయ వేపుడు, అప్పడం, వడియం డబ్బాలోని తేమకి మెత్తబడతాయి. కొబ్బరి పచ్చడి ఏ రోజుకారోజే. బీన్స్, క్యారెట్, క్యాబేజీ, దొండకాయ బాగా నిలుస్తాయి. ముక్క కాస్త గట్టిగా ఉండగానే స్టవ్ కట్టేయాలి, మిగతాది మైక్రోవేవ్‌లో ఉడుకుతుంది. పూర్తిగా ఉడికించి పెడితే రెండోరోజుకి ముద్దవుతుంది. గోంగూర పప్పు, టమాటా పప్పు పులుపు వల్ల రుచి చెడకుండా ఉంటాయి. పప్పు ఫ్రిజ్‌లో గడ్డకడుతుంది, కాబట్టి ఇంట్లో తినేదానికంటే జారుగా చెయ్యండి. నిమ్మరసం, కొత్తిమీర, కీరా ముక్కలు తినే పూటే కలుపుకోవాలి. కందిపొడి, నువ్వులపొడి చిన్న డబ్బాలో ఆఫీసు సొరుగులోనే పెట్టేసుకుంటే మూడోరోజు కూర చప్పగా అనిపించినా భోజనం గట్టెక్కుతుంది.

అన్నం సంగతి వేరుగా చెప్పాలి. ఉడికించినా చావని బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు బియ్యంలో ఉంటాయి. వండిన అన్నం గది వేడిలో గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. ఆ విషాల్లో ఒకటి మళ్ళీ వేడిచేసినా పోదు. అందుకే బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ అన్నాన్ని గంటలోపు చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టమంటుంది, 24 గంటల్లో తినెయ్యమంటుంది. చద్దన్నం తిని పెరిగినవాళ్ళం, మాకేమవుతుందిలే అనకండి. మజ్జిగ పులుపెక్కిన చద్దన్నం వేరు, గట్టు మీద మరిచిపోయిన పొడి అన్నం వేరు. కాబట్టి ఆదివారం అన్నంలో సోమవారం వాటా ఫ్రిజ్‌లో, మిగతా రెండు వాటాలు ఫ్రీజర్‌లో. లేదంటే కూర, పప్పు మాత్రమే ముందు చేసుకుని, అన్నం ఏ రాత్రికారాత్రి కుక్కర్‌లో పడేయండి. రెండోదే మేలు, పని కూడా తక్కువే.

అన్నం పళ్ళెంలో రెండు వేళ్ళ మందం మించకుండా పరిచి ఫ్యాన్ కింద పెడితే ఇరవై నిమిషాల్లో ఆవిరి చస్తుంది. అప్పుడు డబ్బాకెత్తి ఫ్రిజ్‌లో పెట్టాలి. వేడివేడిది పోసి మూత బిగిస్తే మూడు తిప్పలు: ఆవిరి నీళ్ళయి కూర మీద కారుతుంది, లోపలి గాలి చల్లబడి మూత ఊడిరాకుండా పీల్చుకుపోతుంది, మధ్యభాగం చాలాసేపు గోరువెచ్చగానే ఉండిపోతుంది. కూరైనా పప్పైనా స్టవ్ దించిన రెండు గంటల్లో ఫ్రిజ్‌లో ఉండాలి, మే నెల ఎండల్లో గంటే. ఫ్రిజ్ లోపల 4 డిగ్రీలు దాటకూడదు. తలుపు అరల్లో వేడి ఎక్కువ, డబ్బాలు లోపలి అరలో వెనకవైపు సర్దండి. ఇలా చేస్తే కూరలు, పప్పు మూడు నాలుగు రోజులు నిశ్చింత. కరెంటు పోతే తలుపు తియ్యకుండా ఉంచితే నాలుగు గంటలు చల్లదనం ఆగుతుంది, అంతకుమించి పోతే ఆ డబ్బాల్లోది పారబోయడమే.

ఫ్రీజర్‌కి వెళ్ళేవాటిలో పైన వేలు మందం వదలమన్నది ఇందుకే: నీరు గడ్డకట్టినప్పుడు ఇంచుమించు తొమ్మిది శాతం ఉబ్బుతుంది, జాగా లేకపోతే గాజు పగులుతుంది. పప్పు, రాజ్మా, చికెన్ కూర ఫ్రీజర్‌కి బాగుంటాయి. బంగాళాదుంప పిండిపిండిగా విడిపోతుంది, ఉడికిన గుడ్డు తెల్లసొన రబ్బరవుతుంది, పెరుగు విరుగుతుంది. ముందురోజు రాత్రే ఫ్రీజర్ డబ్బాని కింది అరలోకి దించితే పొద్దుటికి కరుగుతుంది, గాజుకీ తిప్పలుండవు.

వేడిచేసేటప్పుడు క్లిప్పులు విప్పి మూత ఊరకే పైన ఆనించండి. బిగించి పెడితే ఆవిరి మూతని ఎగరగొడుతుంది. అన్నం మీద ఒక చెంచా నీళ్ళు చిలకరించి, 800 వాట్ల మైక్రోవేవ్‌లో నిమిషంన్నర తిప్పి, తీసి కలిపి, ఇంకో నిమిషం. కలపకపోతే అంచులు మండుతుంటాయి, మధ్యలో చల్లగా ఉంటుంది. ఉడికిన గుడ్డుంటే రెండు ముక్కలుగా కోశాకే పెట్టండి, పూర్తి గుడ్డు పేలుతుంది. డబ్బా పట్టుకోవడానికి గుడ్డ కావాలి, గాజు వేడి చేతికి బాగా తగులుతుంది.

కడగడంలో ఒక్కటే శ్రద్ధ, ఆ సిలికాన్ రింగు. వారానికోసారి చెంచా కాడతో మెల్లిగా లేపి తీసి, సబ్బునీళ్ళలో తోమి, పూర్తిగా ఆరాకే తొడగాలి. గాడిలో తడి ఉంటే నల్లటి బూజు పడుతుంది. ఆవకాయ వాసనంతా దాచుకునేది కూడా ఆ రింగే. మూతకి అంటిన పసుపు మరకకి ఏ పొడులూ అక్కర్లేదు, ఒక పూట ఎండలో పెడితే చాలావరకు వెలిసిపోతుంది. పసుపు రంగు ఎండకి ఆగదు.

బరువు సంగతి: నింపిన పెద్ద డబ్బా, చిన్న డబ్బా కలిపి భుజానికి కిలోన్నరకి దగ్గరగా ఉంటాయి. మెట్రోలో నిలబడి వెళ్ళేవాళ్ళు రెండూ గాజువే కొనక్కర్లేదు. వేడిచెయ్యాల్సిన పెద్దది గాజుది తీసుకుని, పెరుగుకో పండ్లముక్కలకో చిన్న స్టీలు డబ్బా పెట్టుకోండి. తేదీ రాసే కాగితపు టేపు మాత్రం గాజుకే అంటించండి. మూతలన్నీ ఒకేలా ఉంటాయి, కడిగాక ఏది దేనిదో తెలియదు.