ఒక్క కుండీకే చోటుంటే: మల్లెనా, కాగితంపూలా?

మాఘం వెళ్లి ఫాల్గుణం వస్తుంటే నర్సరీల్లో ఈ రెండు మొక్కలకూ గిరాకీ పెరుగుతుంది. డాబా మీద ఒక్క పెద్ద కుండీకే చోటుంటే ఏది కొనాలి?

మల్లె పని చెబుతుంది. డిసెంబరు, జనవరిల్లో నీళ్లు తగ్గించి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించాలి. మొగ్గలు వచ్చేది కొత్త చిగుళ్ల మీదే. కత్తిరింపు మానేస్తే పొద గుబురుగా పెరుగుతుంది, పూలు మాత్రం నాలుగే. తర్వాత మాగిన పశువుల ఎరువు వేసి నీళ్లు మొదలుపెడితే మార్చికల్లా మొగ్గ తొడుగుతుంది. అప్పుడు మొగ్గ తొలిచే పురుగు దిగుతుంది. రంగు మారిన మొగ్గలు, కన్నం పడినవి ఎప్పటికప్పుడు ఏరి పారేయాల్సిందే.

కాగితంపూలకు ఇంత సేవ అక్కర్లేదు. రోజుకు ఐదారు గంటలు నేరుగా ఎండ తగలాలి, అంతే. జాలిపడి తెగ నీళ్లు పోస్తే ఆకులే వేస్తుంది. పైమట్టి ఆరాక పోస్తే బాగా పూస్తుంది. అసలు ఆ రంగు పువ్వుది కాదు, చుట్టూ ఉన్న పత్రాలది. పువ్వు మధ్యలో తెల్లగా, చిన్నగా ఉంటుంది. ఆ పత్రాల వల్లే రంగు వారాల తరబడి నిలుస్తుంది. ముళ్లుంటాయి, పిల్లలు తిరిగే దారిలో పెట్టకండి.

కాగితంపూలకు వాసన ఉండదు. మల్లె సాయంత్రం మొగ్గగా కోస్తే రాత్రికి జడలో విచ్చుకుంటుంది, మర్నాటికి వాడిపోతుంది. తరచూ తాళం పడే ఇల్లైతే కాగితంపూలే మేలు. సాయంత్రం మొగ్గలు కోసే మనిషి ఇంట్లో ఉంటే మాత్రం, పురుగుల టెన్షన్ ఉన్నా సరే, నా ఓటు మల్లెకే.