వనరాజ, గ్రామప్రియ కోళ్లతో మూడేళ్లు: నీళ్లలో కలిపి పోసిన ఆ ఒక్క టీకా

వనరాజ, గ్రామప్రియ పెరట్లో పెంచుకోవడానికి తయారుచేసిన మేలు రకం కోళ్లు. వనరాజ ఎన్ని నెలలకు ఎంత తూగుతుంది, గ్రామప్రియ ఏడాదికి ఎన్ని గుడ్లు పెడుతుంది అన్న లెక్కలు ఈ కోళ్లు పెంచాలనుకునే వాళ్లకు నోటికి వచ్చినవే. వాటి జోలికి నేను పోను. నాలుగు బ్యాచ్‌లు పెంచాక నా మనసులో గట్టిగా నిలిచిపోయింది టీకా సంగతి. అందులోనూ ఒకే ఒక్క రోజు వేసిన టీకా. మేత గురించి కూడా కొంత చెప్తాను, ఎందుకంటే మొదటి ఏడాది అడిగిన వాళ్లకల్లా చెప్పిన మాటల్లో కొన్నింటిని ఇప్పుడు సరిదిద్దుకోవాలి.

మాది నల్గొండ వైపు ఊరు. ఇంటి వెనక పదిహేను గుంటల మామిడి తోట ఉంది, చుట్టూ మెష్ కట్టాం, ఓ మూలన రేకుల షెడ్డు. 2022 జూన్‌లో 50 పిల్లలతో మొదలుపెట్టాను, సగం వనరాజ, సగం గ్రామప్రియ. ఆ బ్యాచ్‌కు టీకాలన్నీ తెలిసిన పశువైద్యుడు దగ్గరుండి వేయించారు. ఆరో రోజు కంట్లో లసోటా చుక్క (రాణిఖేత్, అంటే కొక్కెర తెగులు రాకుండా వేసే టీకా), పద్నాలుగో రోజు గంబోరో అనే ఇంకో కోళ్ల రోగానికి టీకా, ఇరవై ఎనిమిదో రోజు మళ్లీ లసోటా చుక్క, తొమ్మిదో వారంలో ఆర్‌2బీ ఇంజెక్షన్, ఇది కూడా రాణిఖేత్ టీకానే.

చుక్క వేయడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. పిల్లను ఎడమ చేతిలోకి తీసుకుని, బొటనవేలితో తలను మెల్లగా ఒక పక్కకు తిప్పాలి. కన్ను పైకి వస్తుంది. డ్రాపర్ కంటికి తగలకుండా పైనుంచి ఒక్క చుక్క వదలాలి. వెంటనే కింద పెట్టేయకూడదు. ఆ చుక్క కంటి మీద గుండ్రంగా నిలబడి ఉంటుంది, పిల్ల ఒకసారి రెప్ప వేయగానే లోపలికి ఇంకిపోతుంది. అప్పుడు వదలాలి. చుక్క చెంప మీదకు జారిపోతే ఇంకొకటి వేయాలి. 50 పిల్లలకు నాకు ముప్పావు గంట పట్టింది. అంతసేపా అని అప్పుడు విసుగొచ్చింది. ఇప్పుడు అంత నమ్మకంగా చేసే పని నాకు ఇంకొకటి లేదు.

మొదటి బ్యాచ్‌లో రోగంతో ఒక్కటి కూడా పోలేదు. రెండో బ్యాచ్ కూడా బాగానే గడిచింది. ఆ ధైర్యంతో 2024 జూన్‌లో ఒకేసారి 92 పిల్లలు తెచ్చాను. రెండు చనిపోగా 90 మిగిలాయి. లసోటా మొదటి చుక్క, గంబోరో అన్నీ సమయానికే పడ్డాయి. ఇరవై ఎనిమిదో రోజుకు వానలు పట్టుకున్నాయి. మా ఆయన పొద్దున్నుంచి రాత్రి వరకు పొలంలోనే, నాట్ల హడావిడి. తొంభై పిల్లల్ని ఒక్కదాన్నే పట్టుకుని చుక్కలు వేయడం ఎట్లా అని టెన్షన్ పడుతుంటే, టీకా అమ్మిన షాపతను "నీళ్లలో కలిపి పోయండి అక్కా, పెద్ద ఫారాల వాళ్లంతా అట్లనే చేస్తారు" అన్నాడు. అతను చెప్పింది అబద్ధం కాదు. పెద్ద ఫారాల్లో నిజంగానే అట్లా చేస్తారు. కాకపోతే దానికి ముందు వాళ్లు చేసే పనులు నాకు తెలియవు.

టీకా కదా, అంతా శుభ్రంగా ఉండాలని ఆ పొద్దున నీళ్ల డబ్బాలన్నింటినీ బ్లీచింగ్ నీళ్లతో తోమాను. కుళాయి నీళ్లు పట్టాను. వానలు మొదలయ్యాయని రెండు రోజుల ముందే ఊరి ట్యాంకులో బ్లీచింగ్ పౌడర్ వేశారు, బకెట్ మీదకు వంగితే ఆ వాసన ముక్కుకు తగిలింది కూడా. ఆ నీళ్లలోనే సీసా కలిపి పెట్టాను. పిల్లలు అరగంటలో ఖాళీ చేశాయి. ఎంత తేలిగ్గా అయిపోయిందని సంతోషపడుతూ నోట్‌బుక్‌లో "లసోటా రెండోది అయింది" అని రాసుకున్నాను.

తొమ్మిదో వారంలో ఆర్‌2బీ కోసం వెళ్తే స్టాక్ లేదు, వచ్చే వారం రమ్మన్నారు. వచ్చే వారం నేనే వెళ్లలేదు. లసోటా రెండుసార్లు పడింది కదా, ఇంకో పది రోజులు ఆగినా ఏమవుతుందిలే అనుకున్నాను.

పదకొండో వారంలో ఒక పొద్దున మామిడి చెట్టు కింద ఒక పెట్ట మెడ లోపలికి ముడుచుకుని, నోరు తెరిచి ఊపిరి తీసుకుంటూ కూర్చుంది. దగ్గరికి వెళ్లినా లేవలేదు. దాని వెనక నేల మీద ఆకుపచ్చ, తెలుపు కలిసిన రెట్ట. సాయంత్రానికి అట్లాంటివి ఆరయ్యాయి. మూడో రోజుకు కొన్నింటి రెక్కలు జారిపోయాయి, ఒకదాని మెడ పూర్తిగా మెలితిరిగి తల వీపు మీద పడింది. గింజల మీదకు వంగబోయి పక్కకు దొర్లిపోయేది. మా అత్తమ్మ చూసి "కొక్కెర తెగులే ఇది" అంది. ఆమె చిన్నప్పుడు ఈ తెగులుకు ఊరంతా కోళ్లు ఊడ్చిపెట్టుకుపోయాయట.

డాక్టర్ వచ్చి చనిపోయిన కోడిని ఒకదాన్ని కోసి చూపించారు. కందనకాయకు పైన చిన్న మెత్తటి సంచి ఉంటుంది కదా, దాన్ని చీల్చి తిప్పితే లోపలి గోడ మీద సూది మొనంత ఎర్రటి చుక్కలు. రాణిఖేతే అన్నారు. టీకాలు వేశాను సార్ అని నోట్‌బుక్ తెచ్చి ఇచ్చాను. ఆయన చదివి, "ఈ రెండోది ఏ నీళ్లలో కలిపారమ్మా?" అని అడిగారు.

"కుళాయి నీళ్లే సార్."

"బ్లీచింగ్ వాసన వచ్చిందా?"

వచ్చిందన్నాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. "టీకాలో ఉండేది బతికున్న వైరస్ అమ్మా. బ్లీచింగ్ దాన్ని చంపేస్తుంది. మీ కోళ్లు ఆ రోజు తాగింది ఉత్త నీళ్లే" అన్నారు.

ఎనిమిది రోజుల్లో 61 పోయాయి. ఇది వైరస్ రోగం, వచ్చాక నయం చేసే మందు లేదు. నాలుగో రోజున ఒకతను బండి మీద వచ్చి, ఇంకా నిలబడి ఉన్న వాటిని కోడికి వంద చొప్పున ఇచ్చేయమని అడిగాడు. ఇవ్వలేదు. అవి ఏ సంతకు పోతే ఆ ఊళ్లకు రోగం పోతుంది. తోట చివర లోతుగా గొయ్యి తీయించి సున్నం చల్లి పూడ్చాం. అత్తమ్మవి నాటుకోళ్లు ఏడు ఉండేవి. నాటుకోడికి ఏ రోగం రాదన్న నమ్మకంతో వాటికి ఎప్పుడూ టీకా వేయించలేదు. వాటిలోనూ నాలుగు పోయాయి.

ఇక్కడే నన్ను నిలబెట్టిన విషయం ఒకటి ఉంది. మొదటి బ్యాచ్ పెట్టలు పద్నాలుగు అదే షెడ్డులో, అవే డబ్బాల్లో నీళ్లు తాగుతూ, జబ్బు కోళ్ల మధ్యే తిరిగాయి. వాటికి ఆరు నెలలకొకసారి ఆర్‌2బీ పడుతోంది, ఆఖరుది ఆ మే నెలలోనే వేశాం. పద్నాలుగింటిలో ఒక్కటి కూడా పోలేదు. మూడు వారాలు గుడ్లు బాగా తగ్గాయి, పెట్టినవి కూడా వంకరటింకర పెంకులతో వచ్చాయి. అంతే. చచ్చిన వాటిని ఏరుతూ తలెత్తి చూస్తే ఆ పద్నాలుగూ ఎప్పటిలాగే చెత్త కుప్ప కెలుక్కుంటూ కనిపించేవి. ఆ ఇంజెక్షన్ మీద నాకు ఇంత గురి కుదిరింది ఆ చూపుతోనే.

ఇప్పుడు లసోటా రెండుసార్లూ కంట్లో చుక్కే. సాయంత్రం చీకటి పడ్డాక కోళ్లు షెడ్డులో కూర్చున్నప్పుడు చిన్న లైటు పెట్టుకుని పడతాం, బెదరవు. నీళ్లలో ఇవ్వక తప్పని వాళ్లు బోరు నీళ్లు లేదా బావి నీళ్లు వాడండి. లీటరుకు ఐదు గ్రాముల వెన్న తీసిన పాలపొడి ముందుగా కలిపి, అరగంట ఆగి టీకా వేయండి. డబ్బాలు ఉత్త నీళ్లతోనే కడగండి. రెండు గంటల ముందు నుంచి నీళ్లు ఆపితే దాహం మీద అన్నీ తాగుతాయి. టీకా ఇంటికి తెచ్చేటప్పుడు ఫ్లాస్క్‌లో ఐస్ తప్పనిసరి. సీసా కనీసం వంద డోసులది వస్తుంది, కలిపాక గంట రెండు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారబోయడమే. అందుకే మా వీధిలో మూడిళ్ల వాళ్లం ఒకే రోజు పెట్టుకుంటాం. ఆర్‌2బీకి వారం ముందు నట్టల మందు తాగిస్తాను. వేశాక రెండు మూడు రోజులు కోళ్లు కొంచెం డల్‌గా ఉంటాయి, దానికి కంగారు అక్కర్లేదు.

ఇక మేత. మొదటి ఏడాది వనరాజను నేను తెగ మెచ్చుకున్నాను. పుంజుల విషయంలో ఆ మాట ఇప్పటికీ అంటాను. పెట్టల విషయంలో అంత గట్టిగా అనలేను. తింటుంటే ముచ్చటేసి పొద్దున, సాయంత్రం మొక్కజొన్న నూక దండిగా వేశాను. ఏడు నెలలకు పెట్టలు మూడు కిలోలు దాటాయి, గుడ్లు మాత్రం అక్కడొకటి ఇక్కడొకటి. పొట్ట కింద చెయ్యి పెడితే కొవ్వు మెత్తగా తగిలేది. గుడ్లు పెట్టాలంటే వనరాజ పెట్ట ఆరు నెలలకు రెండుంపావు, రెండున్నర కిలోల దగ్గరే ఉండాలట. ఇప్పుడు పగలంతా తోటలో ఏరుకు తినాల్సిందే. చెదలు, పురుగులు, గడ్డి వాటికి బాగానే దొరుకుతాయి. సాయంత్రం తలా నలభై గ్రాముల జొన్నలు, నూకలు, తవుడు కలిపి వేస్తాను, అంతకు మించి లేదు. గ్రామప్రియ తేలికగా ఉంటుంది, దానితో ఈ తంటా లేదు. గుడ్ల కోసమైతే నా ఓటు దానికే. పెంకు పలచబడితే ఆల్చిప్పల పొడి ఒక గిన్నెలో పెడితే వాటికి కావలసినంత అవే తింటాయి.

మొదటి ఆరు వారాలు మాత్రం పిల్లలకు వేసే స్టార్టర్ మేత మీద పైసా తగ్గించను. రెండో బ్యాచ్‌కు మూడో వారం నుంచే నూకలు, తవుడు కలిపి ఖర్చు తగ్గించబోతే ఈకలు సరిగా రాలేదు, ఎదుగుదల నెల వెనకబడింది. ఇంకొకటి, వానాకాలంలో వేరుశనగ చెక్క బూజు వాసన వస్తే కొంచెమే కదా అని కూడా కలపకండి. ఆ బూజు విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, టీకా వేసినా ఒంటికి సరిగా పట్టనివ్వదు.

ఈ కోళ్లు పొదగవు. పిల్లలు కావాలంటే నాటు పెట్ట కింద గుడ్లు పెట్టాలి లేదా మళ్లీ హేచరీకే వెళ్లాలి. ఇంట్లో పొదిగించిన పిల్లలు తల్లులంత బాగా రాలేదు కాబట్టి నేను కొనుక్కునే వాటికే వెళ్తున్నాను.

పెంచుకోవచ్చా అని అడిగితే, నా పరిస్థితిలో పెంచుకోవచ్చు అంటాను. మాకు తిరగడానికి తోట ఉంది, ఇంట్లో ఫ్రిజ్ ఉంది, డాక్టర్ ఆరు కిలోమీటర్ల దూరంలో ఉంటారు, సాయంత్రాలు నాకు ఖాళీ. మేతంతా కొనాల్సిన వాళ్లకు, టీకా తేవాలంటే పూట ప్రయాణం చేయాల్సిన వాళ్లకు ఇదే మాట చెప్పలేను. అట్లాంటి వాళ్లు పది పదిహేనుతో మొదలుపెడితే నయం. నేనైతే మళ్లీ ఒకేసారి తొంభై తేను. నాలుగో బ్యాచ్ 60తోనే ఆపాను, 57 ఉన్నాయి. వాటికి తర్వాతి ఆర్‌2బీ వచ్చే నెలలో ఉంది. ఈసారి అత్తమ్మ తన నాటుకోళ్లు మూడింటినీ కూడా లెక్కలో రాయమంది.